అసలు మనిషి, నకలు మనిషి: ఊహాప్రయోగాలపై ఒక విమర్శ

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన తత్త్వవేత్త ఆడమ్ ఎల్గా 2004లో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. వ్యాసంలోని కథ హాస్యంగా ఉన్నది గాని, విషయం హాస్యం కాదు. చంద్రునిపై దుర్భేద్యమైన కోటలో కూర్చొని భూమిని నాశనం చేయ సంకల్పించిన ‘డాక్టర్ ఈవిల్’ అనే దుష్టునికి భూమి నుండి ఒక సందేశం వస్తుంది. పంపినది తత్త్వవేత్తల రక్షణదళమట! దాని సారాంశం ఇది: ఈవిల్ దేహానికి, మనస్సుకు, చుట్టూ ఉన్న గదికి అచ్చమైన నకలు ఒకటి భూమిపై తయారైనది. ఈవిల్ చూస్తున్నదే ఆ నకలు మనిషీ చూస్తున్నాడు, ఇదే సందేశం చదువుతున్నాడు, తాను చంద్రునిపై ఉన్నానని, తానే ఈవిల్‌నని నమ్ముతున్నాడు. ఆ నకలు మనిషి లొంగిపోతే అతనిని బాగా చూస్తారు. భూమిని పేల్చే మీట నొక్కబోతే చిత్రహింస పెడతారు. ఆ దళం అబద్ధపు సందేశాలు పంపదని ఈవిల్‌కు తెలుసు.

ఇప్పుడు ఈవిల్ ఏమనుకోవాలి? తాను అసలువాడినేనని నిశ్చింతగా ఉండవచ్చునా? ఉండరాదని ఎల్గా తీర్పు. లోపలి అనుభవం ఇద్దరికీ ఒకటే గనుక, తాను అసలువాడు కావడానికి సగం, నకలు కావడానికి సగం అవకాశం ఇచ్చుకోవాలి. అంతటి ప్రమాదం నెత్తిన పెట్టుకొని మీట నొక్కడం అవివేకం గనుక లొంగిపోవాలి.

ఇది పనిలేనివారి చమత్కారమని పక్కన పెట్టేవారు పెట్టవచ్చును. కాని విశ్వవిద్యాలయాలలో తత్త్వశాస్త్రం చదివే ముస్లిం విద్యార్థులకు ఇటువంటి కథలు నిత్యం ఎదురవుతున్నాయి. వారిలో కొందరు ‘నేను’ అనేదే ఒక భ్రమ అనే నిర్ణయానికి వస్తున్నారు. మరోవైపు మన వక్తలలో కొందరు ఇవే కథలను పునరుత్థానానికి దృష్టాంతంగా వాడుకొంటున్నారు. ఇద్దరూ చూడక వదలిన ప్రశ్న ఒకటున్నది. నకలు మనిషి అసలు మనిషితో సమానమే అయితే, తీర్పుదినాన నిలబడేది ఎవరు? లెక్క ఎవరిది?

ప్రవేశంగా ఒక చిన్న మాట. ‘అసలు’, ‘నకలు’ అనే మాటలు రెండూ అరబీ నుండి తెలుగులోనికి వచ్చినవే. ఒకటి ‘అస్ల్’, మరొకటి ‘నఖ్ల్’. రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్ళి దస్తావేజు నకలు తీసుకొన్న రైతుకు అక్షరం తేడా లేని కాగితం చేతికి వస్తుంది. అంతమాత్రాన పొలం రెండు కాదు. కాగితంలో వ్రాసినదానికీ, కాగితం దేనిని గురించి వ్రాసినదో దానికీ గల ఈ భేదాన్ని పల్లెటూరి మనిషి చక్కగా ఎరుగును. ఊహాప్రయోగాల రచయితలు దీనినే తరచు మరుస్తుంటారు.

ఈ తరహా కథలకు నేటి పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ప్రసిద్ధి తెచ్చినవారు ఆక్స్‌ఫర్డ్ పండితుడు డెరెక్ పార్ఫిట్ (1942–2017). 1984లో వెలువడిన ఆయన గ్రంథం ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ మూడవ భాగం ఒక యంత్రంతో మొదలవుతుంది. భూమిపై ఆ యంత్రం మనిషి దేహంలోని ప్రతి కణం స్థితిని నమోదు చేసుకొని, ఆ దేహాన్ని నశింపజేస్తుంది. ఆ సమాచారం రేడియో ద్వారా అంగారక గ్రహానికి చేరుతుంది. అక్కడ మరొక యంత్రం కొత్త పదార్థంతో అటువంటి దేహాన్నే, అటువంటి మెదడునే నిర్మిస్తుంది. లేచినవానికి నిన్నటి సంగతులన్నీ జ్ఞాపకమే. ఆ తరువాత పార్ఫిట్ కథను తిప్పుతారు. కొత్తరకం యంత్రం వస్తుంది. అది భూమిపై దేహాన్ని నశింపజేయదు. ఇప్పుడు ఇద్దరున్నారు. పైగా భూమిపై ఉన్నవాని గుండెను యంత్రం దెబ్బతీసినది; అతడు కొద్ది దినాలలో మరణిస్తాడు. అంగారకునిపై ఉన్నవాడు బ్రతికే ఉంటాడు. అయితే మరణించబోయేవాడు దుఃఖించాలా? పార్ఫిట్ అభిప్రాయంలో ‘అక్కడ ఉన్నది నేనా కాదా’ అనే ప్రశ్నకు లోతైన జవాబంటూ ఏదీ లేదు. జ్ఞాపకాలు, ఉద్దేశాలు, స్వభావం కొనసాగుతున్నాయి, ముఖ్యమైనది అదే. ‘నేను’ అనేది ముఖ్యం కాదు. ఈ అభిప్రాయం తనకు మరణభయాన్ని తగ్గించినదని కూడా ఆయన వ్రాశారు. నిజాయితీ గల రచయిత. బుద్ధుని బోధ తన వైపున్నదని చెప్పుకోవడానికీ వెనుకాడలేదు.

పార్ఫిట్ కన్న ముందే బెర్నార్డ్ విలియమ్స్ 1956–57లో ఇటువంటి వాదాన్ని మరొక దిశలో నడిపారు. చార్లెస్ అనే ఒకడు లేచి, 1605లో లండన్ పార్లమెంటును పేల్చబోయిన గై ఫాక్స్‌ను తానేనంటాడు. ఫాక్స్ జీవితంలోని సంగతులన్నీ జ్ఞాపకమున్నట్లు చెబుతాడు. నమ్మవలసినదే అనుకొందాం. అంతలో అతని తమ్ముడు రాబర్ట్ కూడా లేచి అదే మాట, అంతే ఖచ్చితంగా చెబితే? ఇద్దరూ ఒక్క ఫాక్స్ కాలేరు. ఒకనికి ఒప్పుకొని మరొకనికి కాదనడానికి ఆధారమూ లేదు. కాబట్టి జ్ఞాపకాలు మాత్రమే మనిషిని నిర్ణయించజాలవని విలియమ్స్ తేల్చారు.

ఈ తర్కం పాశ్చాత్యులకు క్రొత్త గాని, కలామ్ శాస్త్రం చదివినవారికి క్రొత్త కాదు. ‘ఇఆదతుల్ మాదూమ్’ అనే శీర్షిక క్రింద, అనగా లేకుండా పోయినదానిని తిరిగి తేవడం సాధ్యమా అనే చర్చలో, ఇదే వాదం శతాబ్దాల పాటు నలిగినది. హిజ్రీ 428 (క్రీ.శ. 1037)లో మరణించిన ఇబ్నె సీనా ‘షిఫా’ గ్రంథంలోని ఇలాహియ్యాత్ భాగంలో దీనిని ఎత్తుకొన్నారు. పూర్తిగా లేకుండా పోయిన వస్తువు తిరిగి వచ్చినదంటే, దానికీ, దాని స్థానంలో క్రొత్తగా పుట్టిన దానివంటి మరొక వస్తువుకూ భేదమేమిటి? ‘అదే’ అనడానికీ (ఐన్), ‘అటువంటిదే’ అనడానికీ (మిస్ల్) మధ్య గుర్తు చూపలేకపోతే, తిరిగి వచ్చినదన్న మాటకు అర్థమే లేదని ఆయన వాదన. తరువాతివారు దీనిని ఇంకా పదును పెట్టారు: తిరిగి వచ్చినదాని పక్కనే దానివంటిది మరొకటి అల్లాహ్ సృష్టిస్తే రెంటిలో ఏది అది? విలియమ్స్ చెప్పిన అన్నదమ్ములు ఇక్కడే నిలబడి ఉన్నారు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఈ చిక్కును రెండు విధాలుగా ఎదుర్కొన్నారు. హిజ్రీ 488 (క్రీ.శ. 1095)లో ముగించిన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ ఇరవయ్యవ చర్చలో ఆయన ఎన్నుకొన్న మార్గం నఫ్స్‌ది, అనగా ఆత్మది. మరణానంతరం ఆత్మ నిలిచి ఉంటుంది. దానిని ఒక దేహానికి తిరిగి ఇస్తారు. ఆ దేహం పూర్వపు పదార్థంతో కూడినది కావచ్చును, వేరే పదార్థంతో కూడినది కావచ్చును, పూర్తిగా క్రొత్తది కావచ్చును. బాల్యం నుండి వృద్ధాప్యం వరకు దేహపదార్థం మారుతూనే ఉన్నది. మనిషి మాత్రం అతడే. కాబట్టి మనిషి మనిషైనది ఆత్మ చేతనే గాని దేహం చేత కాదు. ఇది పునర్జన్మవాదం కాదా అని అడిగితే, పేర్ల గురించి తగవు వద్దన్నారు; షరీఅత్ దేనిని స్థాపించినదో దానిని నమ్మవలసినదేనన్నారు.

పాఠకులు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. కాని ‘అల్ ఇఖ్తిసాద్ ఫిల్ ఇతిఖాద్’ గ్రంథంలో ఇమామ్ గారే మరొక అడుగు వేశారు. తహాఫుత్‌లో చెప్పినది ప్రతివాదుల సిద్ధాంతాన్నిబట్టి వారిని నిరుత్తరులను చేయడానికి చెప్పినదని వివరించి, ‘తిరిగి తేవడం’ అంటే ఏమో నిర్వచించారు. పూర్వం ఉనికి గలిగి తరువాత లేకుండా పోయినదానికి మళ్ళీ ఉనికినివ్వడం ఇఆదా. పూర్వం ఉనికే లేనిదానికి క్రొత్తగా ఉనికినివ్వడం మిస్ల్‌ను సృష్టించడం. లేనివాటిలో ఏది ఒకప్పుడు ఉన్నదో, ఏది ఎన్నడూ లేదో, ఈ భేదం అల్లాహ్ జ్ఞానంలో ఉన్నది. రంగు, రూపం, జ్ఞాపకం అన్నింటిలోనూ రెండూ సమానమైతే కానీ, భేదం వాటి లోపల వెదకరాదు. వాటి చరిత్రలో వెదకాలి. ఆ చరిత్ర మనకు కనిపించకపోయినా సత్యమే.

ఎల్గా ఈవిల్‌కూ, పార్ఫిట్ ప్రయాణికునికీ అందరికన్న సూటిగా సరిపోయే జవాబు ఇదే. చంద్రునిపై ఉన్నవానికి ఒక గతం ఉన్నది. భూమిపై ఉన్నవానికి ఆ గతపు ముద్ర మాత్రమే ఉన్నది. ఇద్దరూ ఎంత తరచి చూచుకొన్నా ఆ తేడా లోపల దొరకదు. దొరకనంత మాత్రాన లేదని పార్ఫిట్ అంటారు. అక్కడే ఆయన తొందరపడ్డారు. తెలుసుకొనే మార్గం లేదనడం ఒక మాట, తెలుసుకోదగినదే లేదనడం మరొక మాట.

ఇబ్నె రుష్ద్ ఇందుకు భిన్నంగా, నశించినది సంఖ్యాపరంగా అదే అయి తిరిగి రాదని, లేపబడే దేహాలు ఈ దేహాలవంటివే గాని ఇవే కావని ‘తహాఫుతుత్ తహాఫుత్’ చివరిలో వ్రాశారు. ఆయన మాటకు ఆత్మ నిలుస్తుందన్న ఆధారం తోడుగా ఉన్నది. ఆ ఆధారం తీసివేస్తే మిగిలేది పార్ఫిట్ యంత్రమే. మన మదరసాలలో దర్సె నిజామీ విద్యార్థి చదివే ‘షర్హుల్ అఖాయిద్’లో అల్లామా తఫ్తాజానీ (రహ్మ) వేరొక మార్గం పట్టారు. మనిషిలో మొదటి నుండి చివరి వరకు నిలిచే మూలభాగాలు (అజ్జా అస్లియ్యా) ఉన్నాయి. అల్లాహ్ వాటిని కూర్చి ఆత్మను తిరిగి ఇస్తాడు. మనిషిని మనిషి తిన్నా, తిన్నవానిలో అవి అదనపు భాగాలే గాని మూలభాగాలు కావు. వెన్నెముక చివరి ఎముక తప్ప దేహమంతా మట్టిలో కలుస్తుందని, దాని నుండే మనిషి తిరిగి కూర్చబడతాడని తెలిపే బుఖారీ, ముస్లిం హదీసు ఈ మార్గీయులకు అండ. మూడు మార్గాలూ వేరు. కాని మూడింటికీ ఒక పట్టుదల సమానం: లేచేవాడు ‘అటువంటివాడు’ అయితే చాలదు. ఆత్మ వలననో, చరిత్ర వలననో, మూలభాగాల వలననో అతడు అతడే కావాలి.

ఈ పట్టుదల ఎందుకు? న్యాయం కొరకు. అన్నిసా సూరా 56వ వాక్యం నరకవాసుల చర్మాలు కాలిపోయినప్పుడల్లా వేరే చర్మాలు వస్తాయంటుంది. వ్యాఖ్యాతలు వెంటనే ప్రశ్నించారు: పాపం చేయని క్రొత్త చర్మాన్ని శిక్షించడం న్యాయమా? వారిచ్చిన జవాబులలో ముఖ్యమైనది, శిక్ష అనుభవించేది మనిషి గాని చర్మం కాదన్నది. ఖుర్‌ఆన్ వాక్యం ముందే అటువంటి ప్రశ్న అడిగే ధైర్యం ఆ పండితులకు ఉన్నది. నేడు కొందరు వక్తలకు ఆ ధైర్యం లేకపోవడం విచారకరం. కంప్యూటరులో సమాచారం భద్రపరచినట్లు మనిషి సమాచారమంతా అల్లాహ్ వద్ద భద్రంగా ఉంటుందని, ప్రళయదినాన దానితో మనిషి తిరిగి తయారవుతాడని, ఇందులో వింతేమున్నదని వారు సభలలో చెబుతుంటారు. ఉద్దేశం మంచిదే. చప్పట్లూ మోగుతాయి. కాని సమాచారంతో తయారైనవాడు పార్ఫిట్ అంగారకుని మీద లేచినవాడు. ఒక్క సమాచారంతో పదిమందిని చేయవచ్చును. ఆ పదిమందిలో దొంగతనం చేసినవాడెవడు? దొంగ జ్ఞాపకాలు మోస్తున్న అమాయకుని శిక్షించడం జుల్మ్. అల్లాహ్ అణువంతైనా జుల్మ్ చేయడు. అల్లాహ్ జ్ఞానాన్ని నకలు తీయడానికి పనికివచ్చే పటంగా భావించడం ఆ జ్ఞానాన్ని చిన్నబుచ్చడమే. ఇమామ్ గజాలీ చెప్పిన జ్ఞానం ఎవడు ఎవడో ఎరిగిన జ్ఞానం. శిథిలమైన ఎముకలను బ్రతికించేదెవరని అడిగినవానికి యాసీన్ సూరాలో లభించిన జవాబు కూడా మొదటిసారి పుట్టించినవానినే గుర్తుచేస్తుంది.

ఇక ఎల్గా సంభావ్యత లెక్కకు రావాలి. పార్ఫిట్ ‘నేను’ ముఖ్యం కాదన్నారు. ఎల్గా అంత దూరం పోలేదు. ‘నేను ఎవరిని’ అన్నది తెలియనప్పుడు నమ్మకాన్ని ఎలా పంచుకోవాలన్నదే ఆయన ప్రశ్న. సగం ఇవ్వాలని ఊరకే ప్రకటించలేదు, ఒక నిరూపణ ఇచ్చారు. దానిని చూడకుండా ఖండించడం అన్యాయమవుతుంది.

అల్ అనే మనిషి నిద్రపోతాడు (ఇది ఇంగ్లీషు పేరు, అరబీ ‘అల్’ కాదు). ప్రయోగకర్తలు నూటికి పదిసార్లు మాత్రమే బొమ్మ పడే నాణెం వేస్తారు. ఏది పడినా అల్‌కు ఒక నకలు చేస్తారు. ఉదయం ఇద్దరూ లేస్తారు. లేచినవానికి నాలుగు అవకాశాలు: బొమ్మ పడి తాను అల్, బొమ్మ పడి తాను నకలు, బొరుసు పడి తాను అల్, బొరుసు పడి తాను నకలు. ఇప్పుడు కథను కొంచెం మారుస్తారు. బొమ్మ పడితే అల్‌ను మాత్రమే లేపుతారు, నకలును స్పృహ లేకుండా ఉంచుతారు. బొరుసు పడితే నకలును మాత్రమే లేపి అల్‌ను స్పృహ లేకుండా ఉంచుతారు. ఈ రెండవ కథలో లేచినవాడు బొమ్మ పడినదన్నదానికి ఎంత విలువ ఇవ్వాలి? పదే ఇవ్వాలని ఎల్గా అంటారు. నాణెం స్వభావం అదే, లేవడం వలన క్రొత్తగా తెలిసినదేమీ లేదు. ఈ పది ఒప్పుకొంటే మొదటి కథలో సగం తప్పదు.

అంకెలతో చూస్తే స్పష్టమవుతుంది. మొదటి కథలో బొమ్మకు పది పాళ్ళు, బొరుసుకు తొంభై. లేచినవాడు తాను అల్‌నని ముప్పాతిక వంతు నమ్మితే, బొమ్మ–అల్‌కు 7.5, బొరుసు–నకలుకు 22.5 వస్తాయి. రెండవ కథలో మిగిలేవి ఈ రెండే. వీటి మొత్తం 30లో బొమ్మ వాటా నాలుగవ వంతు, అనగా 25 శాతం. అది పది కావాలంటే తాను అల్‌నన్న నమ్మకం సరిగా సగమే కావాలి. లెక్కలో తప్పు లేదు.

తప్పు ఉంటే లెక్కకు ముందున్నది. తాను అల్‌నని పూర్తిగా నమ్మేవాడు రెండవ కథలో లేవగానే ఏమనుకొంటాడు? ‘నేను లేచాను, బొరుసు పడితే నన్ను లేపేవారు కారు, కాబట్టి బొమ్మే పడినది’ అనుకొంటాడు. అతనికి లేవడమే పెద్ద వార్త. ఎల్గా పక్షాన జవాబు చెప్పవచ్చును: నకలు కూడా లేస్తే అచ్చంగా ఇలాగే అనుకొంటాడు, కాబట్టి అది వార్త కాదు. నిజమే. అయితే ఈ జవాబు, లేచినవాడు తన గతంపై తనకున్న ఎరుకను ముందుగానే వదలుకోవాలని అడుగుతున్నది. అలా వదలుకొన్నవానికి పది సరైన సంఖ్య; వదలుకోనివానికి కాదు. అనగా సగం అన్నది నిరూపణ చివర తేలిన ఫలితం కాదు. మొదటి మెట్టు మీదనే కూర్చొని ఉన్నది.

ఇబ్నె సీనా ‘గాలిలో తేలే మనిషి’ని తెచ్చి ఈ ఎరుకను కాపాడవచ్చునని కొందరికి తోచవచ్చును. కళ్ళు మూసి, అవయవాలు దేనినీ తాకకుండా, శూన్యంలో సృష్టించబడిన మనిషి కూడా తానున్నానని ఎరుగునని ఆయన చెప్పినది ప్రసిద్ధమే. కాని ఆ ఎరుక ‘నేనున్నాను’ అంటుంది. ‘నిన్న ఫలానా ఊరిలో ఉన్న ఫలానావాడిని నేనే’ అనదు. ఎల్గా నకలు కూడా గాలిలో తేలగలడు. ఆ దృష్టాంతాన్ని దానికి మించిన పనికి వాడరాదు.

ఎల్గా సగానికి మరొక లోపం కలదు. దీనిని బ్రయన్ వెదర్సన్ 2005లో పాశ్చాత్య పరిభాషలోనే ఎత్తిచూపారు: ఏమీ తెలియకపోవడం వేరు, సగం సగం అని తెలియడం వేరు. ఉసూల్ విద్యార్థికి ఇది పాత పాఠం. ఒక పక్షం మొగ్గితే జన్న్. మొగ్గకుండా రెండు పక్షాలూ సరితూగితే షక్. రెండు వైపులా సమానమైన ఆధారాలున్నా షక్కే, ఏ వైపూ ఆధారం లేకున్నా షక్కే. నాణెం వేసేవానిది మొదటి రకం, ఈవిల్‌ది రెండవ రకం. రెండవదాని నుండి సంఖ్య పుట్టదు. గుహవాసులు మేల్కొన్నప్పుడు ఎంతకాలం నిద్రించామో తేల్చుకోలేక, ఒక దినమో అందులో కొంతో అనుకొని, ప్రభువుకే బాగా తెలుసునని, వెండి నాణెమిచ్చి ఒకనిని పట్టణానికి పంపిన వృత్తాంతం అల్ కహఫ్ సూరా 19వ వాక్యంలో ఉన్నది. దానిని ఈ వాదానికి రుజువుగా లాగడం తగదు. కాని నిద్రలేచినవాడు ఎక్కడున్నాడో తెలియని కథలు 2000లో ఎల్గాతో మొదలు కాలేదని చెప్పడానికి చాలును.

సంఖ్య పుట్టకపోతే ఈవిల్ ఏం చేయాలి? ఫిఖహ్ వద్ద దీనికి దగ్గరి బంధువు ఒకటి ఉన్నది. షాఫయీ, హంబలీ గ్రంథాలలోని కాకి సమస్య అది. ఒక పక్షి ఎగిరిపోతుంది. ఒకడు అది కాకి అయితే తన భార్యకు తలాఖ్ అంటాడు. మరొకడు కాకి కాకపోతే తన భార్యకు తలాఖ్ అంటాడు. పక్షి ఏదో తెలియదు. ఇద్దరిలో ఒకని తలాఖ్ నిశ్చయంగా జరిగినది. అయినా ఏ ఒక్కరి నికాహ్ కూడా తెగినట్లు తీర్పునివ్వరు. ఎందుకనగా ఎవరి నికాహ్ వారికి యఖీన్‌గా, నిశ్చయంగా తెలుసు. నిశ్చయం అనుమానంతో తొలగిపోదు. బయట నుండి చూచేవానికి ఇద్దరిలో ఒకడు తప్పక పొరబడుతున్నాడు. అయినా ఎవడికి వాడు తన పూర్వస్థితిని పట్టుకొని నడవడం సరైనదే. ఎల్గా సగం ఆ బయటివాని లెక్క. లోపలివాని తీర్పు కాదు.

అయితే ఫిఖహ్‌కు సంఖ్యలు పట్టవని అనుకోరాదు. వివాహం నిషిద్ధమైన ఒక స్త్రీ కొద్దిమంది స్త్రీలలో కలిసిపోయి గుర్తు తెలియకపోతే వారిలో ఎవరినీ వివాహమాడరాదు. లెక్కకందని పెద్ద జనసమూహంలో కలిసిపోతే ఆడవచ్చును. ఇక్కడ తీర్పు సంఖ్య మీదనే ఆధారపడినది. భేదమేమనగా, ఇక్కడ మనిషి పదిమంది ఇతరులలో ఒకరిని గుర్తించబోతున్నాడు. కాకి సమస్యలో అతడు తన స్వంత స్థితిని గూర్చి ఆలోచిస్తున్నాడు. ఎల్గా కథ ఈ గీతను చెరిపివేస్తుంది. ‘నేను’ను కూడా గుంపులో ఒకనిగా ఎంచి గుర్తుపట్టమంటుంది. నకళ్ళు తొంభై తొమ్మిది ఉన్నాయని సందేశం వస్తే ఆ మాటకు బలం పెరుగుతుందని ఒప్పుకొనక తప్పదు; నూరుగురిలో తొంభై తొమ్మిదిమంది ‘నేనే అసలు’ అని పట్టుబట్టడం చూచేవానికి నవ్వు తెప్పిస్తుంది. కాని నవ్వు తెప్పించడం వేరు, వారిలో అసలువాని ఎరుక అబద్ధం కావడం వేరు. కాకి సమస్యలో ఇద్దరికీ నిజమైన నికాహ్ ఉన్నది. ఇక్కడ నకలుకు పూర్వస్థితే లేదు, ఉన్నదన్న భావన మాత్రమే ఉన్నది. కాబట్టి ఆ సూత్రం నకలును మోసగిస్తుంది, అసలువానిని కాదు. ఎల్గా సూత్రమైతే అసలువానినీ అనుమానంలో ముంచుతుంది.

ఆ అనుమానం ఎంత దూరం పాకగలదో ఇమామ్ గజాలీకి తెలుసు. తహాఫుత్ పదిహేడవ చర్చలో ప్రతివాది అడుగుతాడు: కారణానికీ కార్యానికీ అనివార్య సంబంధం లేదంటే, ఇంటిలో వదలివచ్చిన పుస్తకం బాలుడై పోయినదేమోనని భయపడవలసి రాదా? అది సాధ్యమే గాని, జరగలేదన్న జ్ఞానాన్ని అల్లాహ్ మనలో సృష్టించాడన్నది ఇమామ్ గారి జవాబు. సాధ్యమైనదల్లా అనుమానానికి హక్కుదారు కాదు. ఎల్గా కూడా కేవల సాధ్యతను కాక, తప్పిపోని సందేశాన్ని ఆధారం చేసుకొన్నారన్నది నిజం. హదీసు శాస్త్రజ్ఞుడైతే ముందుగా ఆ సందేశం తెచ్చినవారెవరని, శత్రుపక్షం పంపిన ఒంటరి ఖబర్‌కు అంత నిశ్చయం ఎక్కడిదని అడిగేవాడు. కథలో ఆ ప్రశ్నకు తావివ్వలేదు.

చివరకు ఈవిల్, అతని నకలు ఇద్దరూ మీట ముందే ఉన్నారు. చంద్రునిపై ఉన్నవాడు గతంలో చేసినదంతా అతని ఖాతాలోనే ఉన్నది. భూమిపై ఉన్నవానికి దానిలో పైసా వాటా లేదు, జ్ఞాపకాలు ఎంత స్పష్టంగా ఉన్నా సరే. కాని ఈ క్షణంలో మీట మీదకు వెళ్ళే చేయి ఇద్దరిదీ, సంకల్పం ఇద్దరిదీ. కత్తులు దూసి తలపడిన ఇద్దరు ముస్లిములలో చంపినవాడే కాక చచ్చినవాడు కూడా నరకానికి పోతాడని, తోటివానిని చంపడానికి అతడూ ఆత్రపడ్డాడని దైవప్రవక్త (సఅసం) తెలిపిన హదీసు ప్రకారం, దేనికీ తగిలించని మీటను నొక్కిన నకలు కూడా తన సంకల్పానికి తాను బాధ్యుడే. అతని వయస్సు కొన్ని గంటలే గదా, షరీఅత్ బాధ్యత వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడగవచ్చును. ఫుఖహా యుక్తవయస్సును సంవత్సరాలతోనే కాక దేహంలోని గుర్తులతోనూ నిర్ణయించారు; బుద్ధి సంగతి చెప్పనవసరం లేదు. కాబట్టి అతని ఖాతా కళ్ళు తెరచిన క్షణం నుండి తెరచి ఉన్నది. అందులో ఇంకా వ్రాత పడలేదు.